లీటరు పాలు, తొమ్మిది టోస్టులు

పాల కేంద్రంలో పాలు పోసిన రైతు చేతికి వచ్చే చీటీలో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి వెన్న శాతం. రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న పోను పాలలో మిగిలే ఘనపదార్థాల శాతం. బిల్లు ఎంతొస్తుందో ఈ రెండే తేలుస్తాయి. సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ మండలంలో బర్రెను సాకే ఇంటివాళ్లకు వీటి సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వెన్న అర శాతం మారితే ఎందుకు మారిందో, దాణాలో తేడా వచ్చిందో, ఈత ముదిరిందో వాళ్లే చెప్పేస్తారు.

ఆ రెండు అంకెలతోనే ఇంకో లెక్క కూడా కట్టొచ్చు. ఆ లీటరు పాలు ఇంట్లోనే ఉంచుకుని విరగ్గొడితే మెత్తటి పనీర్ ఎంత వస్తుంది? అది ఎన్ని బ్రెడ్ ముక్కలకు సరిపోతుంది? ఒక్కో టోస్టు ఎంతకు పడుతుంది? బడి నుంచి వచ్చిన పిల్లకు అందులో దక్కేదెంత? చీజ్ టోస్టు అంటే పట్నంలో కాఫీ షాపు తిండి అనుకుంటాం. అందులో ఖరీదైన సరుకు మాత్రం తెల్లవారుజామున మన ఊళ్ల నుంచే క్యాన్లలో బయల్దేరి పోతోంది. అందుకే ఈ లెక్క ఊరి వైపు నుంచి మొదలుపెడుతున్నాను.

పాకెట్ పాలతో ప్రారంభిద్దాం, ఎందుకంటే వాటి కొలతలు చట్టంలోనే ఉన్నాయి. దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం ఫుల్‌క్రీమ్ పాలలో వెన్న కనీసం 6 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం ఉండాలి. టోన్డ్ పాలలో 3, 8.5. డబుల్ టోన్డ్‌లో 1.5, 9. లీటరు పాలు తూకానికి కిలో మీద 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. అంటే ఫుల్‌క్రీమ్ లీటరులో వెన్న సుమారు 62 గ్రాములు. ఎస్‌ఎన్‌ఎఫ్‌లో మాంసకృత్తుల వాటా మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అది ఇంకో 36 గ్రాములు. రెండూ కలిపి 98. పాలు విరిగినప్పుడు ఇందులో పదో వంతు లోపే నీళ్లతో పోతుంది, 90 గ్రాముల దాకా గుడ్డలో నిలుస్తుంది. దానికి అంటిపెట్టుకున్న తేమలో కొంచెం పాల చక్కెర, ఖనిజ లవణాలు ఉంటాయి కాబట్టి మొత్తం ఘనపదార్థం 100 గ్రాములు అనుకోవచ్చు.

ఇక ఆ 100 గ్రాములకు తోడుగా ఎంత నీరు ఉంచుకుంటామన్నదే అసలు విషయం. బండ కింద పెట్టి గట్టిగా నొక్కిన పనీర్‌లో తేమ 55 శాతం ఉంటుంది. అప్పుడు బరువు 220 గ్రాములు. నొక్కకుండా గుడ్డలో కాసేపు వేలాడదీసి తీస్తే తేమ 65 శాతం దగ్గర ఆగుతుంది, బరువు 280 దాటుతుంది. పాలు అవే, నిమ్మరసం అదే. పది శాతం నీటి తేడాతో ఒకటి కత్తితో కోసే ముక్క అవుతుంది, ఇంకోటి చెంచాతో రాసే ముద్ద అవుతుంది. టోస్టుకు కావాల్సింది రెండోది. ఒక్కో బ్రెడ్ ముక్కకు 30 గ్రాములు, అంటే నిండుగా రెండు చెంచాలు రాస్తే లీటరు పాలకు తొమ్మిది టోస్టులు తేలతాయి.

టోన్డ్ పాలతో ఇదే లెక్క వేస్తే 185 గ్రాములు, ఆరు టోస్టులు. డబుల్ టోన్డ్‌తో 150 గ్రాములు, అయిదు. వెన్న 7 శాతం పలికే చిక్కటి బర్రె పాలైతే 300 గ్రాములు దాటి పది టోస్టుల దాకా వస్తుంది. పాకెట్ మీద అంకెను బట్టో, పాల కేంద్రం చీటీని బట్టో ఎవరైనా తమ ఇంటి లెక్క తామే కట్టుకోవచ్చు.

బర్రె పాలతో వచ్చే చిక్కు

తెలంగాణ పల్లెల్లో పనీర్ చేసి చూసినవాళ్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఒకటే: రబ్బరులా సాగింది, లేదంటే ఇసుకలా పలుకులు పలుకులుగా వచ్చింది. తప్పు చేతిది కాదు. బర్రె పాలలో కేసిన్ అనే మాంసకృత్తి, కాల్షియం రెండూ ఆవు పాలలో కన్నా ఎక్కువ. విరిగినప్పుడు అవి గట్టిగా పట్టుకుంటాయి. ముక్కలు కోసి కూరలో వేసుకోవడానికి ఆ గట్టిదనమే మేలు. బ్రెడ్ మీద రాసుకోవడానికి అదే అడ్డం. బెంగాల్‌లో రసగుల్లాకు ఆవు పాల ఛెనాను (విరిగిన పాల ముద్దను) కోరుకునేది కూడా ఆ మెత్తదనం కోసమే.

దీనికి మందు మూడు చోట్ల ఉంది. మొదటిది, లీటరు బర్రె పాలకు ఐదో వంతు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లు కలపడం. పాలు పలచబడితే విరిగిన పలుకులు మెత్తగా కడతాయి. నీళ్లు కలిపినంత మాత్రాన పనీర్ తగ్గదు, ఆ నీరు చివరికి గుడ్డలోంచి దిగిపోయేదే. రెండోది వేడి. పాలు పొంగు వచ్చేదాకా కాచాలి, అందులో రాజీ లేదు. కాచిన వెంటనే నిమ్మరసం పిండకూడదు. పొయ్యి ఆపి అయిదారు నిమిషాలు ఆగితే వేడి 75 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది, అప్పుడు పోయాలి. మసిలే పాలలో పోస్తే ముద్ద బిగుసుకుపోతుంది. మూడోది పులుపు. పాల పీహెచ్ 6.6 ఉంటుంది. పులుపు కలిపే కొద్దీ అది దిగుతుంది. చల్లటి పాలలోనైతే కేసిన్ పూర్తిగా విడిపోవడానికి 4.6 దాకా దిగాలి, వేడి పాలలో 5.3 దగ్గరే పని అయిపోతుంది. దీనికి రెండు గ్రాముల సిట్రిక్ ఆమ్లం చాలు. నిమ్మరసంలో ఆ ఆమ్లం 5 నుంచి 6 శాతం ఉంటుంది కాబట్టి లీటరుకు 40 మిల్లీలీటర్ల రసం, అంటే మన చిన్న నిమ్మకాయలు మూడు. ఆ రసంలో అంతే నీళ్లు కలిపి చెంచా చెంచాగా పోస్తూ గంటెతో నిదానంగా తిప్పాలి. గిన్నెలో నీరు లేత ఆకుపచ్చగా తేటపడగానే ఆపేయాలి. రసం మిగిలితే మిగలనివ్వండి. ఎక్కువ పోసిన ప్రతి చెంచా పనీర్‌లో పులుపై తేలుతుంది.

పలచటి నూలు గుడ్డలో వడగట్టి, ఒకసారి చల్లటి నీళ్లు పోసి, 15 నుంచి 20 నిమిషాలు వేలాడదీస్తే చాలు. మూట కింద చుక్కలు ఆగీ ఆగీ పడే దశలో దించాలి. ఇక్కడే చాలామంది తొందరపడి పిండేస్తారు. పిండితే 65 శాతం తేమ 55కు పడిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. దించిన ముద్దను వేడి ఆరకముందే అరచేతి అడుగు భాగంతో పళ్లెంలో రుద్దాలి. మొదట పొడిపొడిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు రుద్దేసరికి వెన్న బయటకొచ్చి చెయ్యి నున్నగా జారుతుంది, ముద్ద మెరుస్తుంది. ఆ మెరుపు కనిపిస్తే అయిపోయినట్టే. అర చెంచాకు తక్కువగా ఉప్పు, సుమారు రెండు గ్రాములు, కలిపి పక్కన పెట్టుకోవచ్చు.

గుడ్డలోంచి దిగిన నీటిని పారబోయకండి. అందులో పాల చక్కెర, ఖనిజాలు, విరగని కొద్దిపాటి మాంసకృత్తులు ఉంటాయి. చపాతీ పిండికి, చారుకు పనికొస్తుంది. జొన్న పిండికి ఎలాగూ వేడి నీళ్లే పోసి కలుపుతాం, ఆ నీళ్ల బదులు ఇవి మసలబెట్టి పోస్తే రొట్టె రుచే వేరు.

ఇంట్లో విరగ్గొట్టే ఓపిక లేని రోజున కొన్న పనీర్‌తోనూ మెత్తదనం తెచ్చుకోవచ్చు. 100 గ్రాముల పనీర్‌ను చిదిమి 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు పోసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే తేమ 63 శాతానికి చేరుతుంది. కొనేటప్పుడు మాత్రం పాకెట్ చదవాలి. చట్టం ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు, నీరు తీసేసిన పదార్థంలో పాల కొవ్వు సగానికి తగ్గకూడదు. పాల కొవ్వు స్థానంలో పామాయిల్ లాంటి నూనె కలిపి చేసిన సరుకు పనీర్ కాదు, దాన్ని పనీర్ అని అమ్మడానికి వీల్లేదు. విడిగా అమ్మే ముద్దలో పిండి కలిపారేమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు: చిన్న ముక్కను నీళ్లలో మరిగించి చల్లార్చి, మందుల షాపులో దొరికే అయోడిన్ ద్రావణం రెండు మూడు చుక్కలు వేస్తే సరి. నీలం తిరిగితే పిండి ఉన్నట్టే.

పెరుగుతో అయితే పొయ్యి కూడా అక్కర్లేదు. అర కిలో గట్టి పెరుగును గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో అయిదారు గంటలు వేలాడదీస్తే 250 గ్రాములు మిగులుతుంది. అందులో తేమ 76 శాతం, పనీర్ కన్నా పలచన, కాస్త పుల్లన. మరాఠీవాళ్ల శ్రీఖండ్‌కు, అరబ్బుల లబ్నేకు మూలం ఇదే. వేసవిలో మాత్రం దీన్ని బయట వేలాడదీయొద్దు. నలభై డిగ్రీల ఎండల్లో అది పులిసి వాసన పట్టేస్తుంది.

రొట్టె సంగతి

400 గ్రాముల బ్రెడ్‌లో సాధారణంగా 16 ముక్కలుంటాయి, ఒక్కోటి 25 గ్రాములు. అందులో మూడో వంతుకు పైగా నీరే. పెనం మీద పెట్టగానే మొదట జరిగేది ఈ నీరు ఆవిరవడం. పైపొర ఆరేదాకా దాని వేడి 100 డిగ్రీలు దాటదు. ఆరాక 140 చేరగానే మాంసకృత్తులు, చక్కెరలు కలిసి గోధుమ రంగు, కమ్మటి వాసన పుడతాయి. మంట పెద్దది పెడితే పైపొర మాడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. సన్నటి సెగ మీద ఒక వైపు రెండు నిమిషాలు, తిప్పి ఇంకో నిమిషంన్నర పెడితే ముక్క రెండు మూడు గ్రాముల బరువు తగ్గుతుంది, ఆ తగ్గినదే కరకర.

నల్లగా మాడనివ్వకపోవడానికి ఇంకో కారణం ఉంది. పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటి వేడి చేస్తే యాక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రంగు ముదిరే కొద్దీ అది పెరుగుతుంది. బంగారు రంగు దగ్గర ఆపితే సరిపోతుంది, మాడిన అంచును గీకేసి తినండి.

నిన్నటి బ్రెడ్ టోస్టుకు మరీ మంచిది, నీరు కాస్త తగ్గి ఉంటుంది కాబట్టి త్వరగా కాలుతుంది. బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో దాచే అలవాటు మాత్రం మానుకోవాలి. సున్నా నుంచి అయిదు డిగ్రీల మధ్య పిండి పదార్థం గట్టిపడేంత వేగంగా ఇంకెక్కడా గట్టిపడదు. పైన ఫ్రీజర్‌లో పెడితే ఆ బెడద ఉండదు. ఇంకో మాట: 2016లో బ్రెడ్ తయారీలో పొటాషియం బ్రోమేట్ వాడకాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిషేధించింది. పేరూ ఊరూ, తయారీ తేదీ లేని బ్రెడ్ ఎందుకు కొనకూడదో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. గోధుమ బ్రెడ్ అని రాసి ఉంటే రంగు చూసి నమ్మకండి. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు మైదా అయితే అది మైదా బ్రెడ్డే.

ఇదంతా కొనే బ్రెడ్ సంగతి, మన ఊళ్ల రొట్టె వేరు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట కొత్త జిల్లా అయ్యేదాకా దౌల్తాబాద్ పాత మెదక్ జిల్లాలో ఉండేది. ఆ మెదక్ పల్లెల రొట్టె జొన్న రొట్టె. పొద్దున చేసిన జొన్న రొట్టె సాయంత్రానికి గట్టిపడితే నాలుగు ముక్కలు చేసి పెనం మీద మళ్లీ కాల్చండి. మైదా బ్రెడ్ కన్నా బాగా కరకరలాడుతుంది, పీచు ఎక్కువ, తడి తగిలినా తొందరగా మెత్తబడదు. ఈ పనీర్‌కు జోడీగా నా ఓటు జొన్న రొట్టెకే.

పైన ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి

టమాటాలో 94 శాతం నీరు. దోసకాయలో ఇంకాస్త ఎక్కువ. 20 గ్రాముల టమాటా తరుగు వేశామంటే 19 గ్రాముల నీరు మోసుకొచ్చి టోస్టు మీద పెట్టినట్టే. అందుకే టమాటాను అడ్డంగా కోసి గింజల గుజ్జు తీసేయాలి, కండ మాత్రం సన్నగా తరగాలి. ఆ గుజ్జు చారులోకి పోతుంది. ఉప్పు తగిలితే కూరగాయ నీరు వదులుతుంది కాబట్టి తరిగిన వాటిలో ముందే ఉప్పు కలపకూడదు. తినబోయే ముందు పైన చిటికెడు చల్లాలి.

వరస కూడా ముఖ్యమే. పెనం మీది నుంచి తీసిన ముక్కను పళ్లెంలో పడుకోబెడితే అడుగున ఆవిరి పట్టి మెత్తబడుతుంది. ఒక నిమిషం నిలువుగా ఆనించి పెట్టాలి. తర్వాత పనీర్‌ను అంచుల దాకా రాయాలి. అందులోని వెన్న రొట్టెకూ తడికీ మధ్య తెరలా పనిచేస్తుంది. ఆ పైన టమాటా, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చి మిర్చి, కొత్తిమీర. మామిడికాయల రోజుల్లో చెంచాడు పుల్లటి కోరు టమాటాకు బదులు వేయొచ్చు. చివర్న నువ్వుల పొడో, ఎల్లిగడ్డ కారమో చిటికెడు. పట్నం హోటళ్లలో ఒరెగానో చల్లుతారు. ఎల్లిగడ్డ కారం ముందు అది దిగదుడుపే. చేసిన టోస్టును అయిదు నిమిషాల్లో తినేయాలి, టిఫిన్ డబ్బాలో పెట్టి పంపే తిండి కాదిది.

ఇప్పుడు డబ్బుల లెక్క. ఫుల్‌క్రీమ్ పాలు లీటరు 70 రూపాయలు, బ్రెడ్ 50 అనుకుందాం. మీ ఊళ్లో ధర వేరైతే అంకె మార్చుకోండి. తొమ్మిది టోస్టులకు పాలు 70, తొమ్మిది ముక్కల బ్రెడ్ 28, నిమ్మకాయలకు 10, కూరగాయలకు 20. మొత్తం 128, అంటే ఒక్కోటి 14 రూపాయలు. సొంత బర్రె ఉన్న ఇంట్లో పాలకు కేంద్రంలో పలికే ధరే కట్టుకోవాలి. అది 45 అయితే టోస్టు 11 రూపాయలకు దిగుతుంది.

ఆ పద్నాలుగు రూపాయలకు దక్కేదేమిటి? పనీర్ నుంచి మూడున్నర గ్రాముల మాంసకృత్తులు, బ్రెడ్ నుంచి రెండు, వెరసి అయిదున్నర. శక్తి 140 కిలో కేలరీలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 23 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు టోస్టులు తింటే 11 గ్రాములు, దాదాపు సగం. అయిదు రూపాయల చిప్స్ పాకెట్లు మూడు కొనే డబ్బుతో పోల్చి చూడండి, ఎంత తేడా ఉందో.

ఎక్కువైతే లెక్క తప్పేవీ ఉన్నాయి. టోస్టుకు 6 గ్రాముల పాల కొవ్వు వస్తుంది. పెద్దవాళ్లు, గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు టోన్డ్ పాలతో చేసుకుంటే పావు వంతు కొవ్వు తగ్గుతుంది. అలాగని ఇది మరీ బరువైన తిండీ కాదు. 1872లో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ పట్టణంలో విలియం లారెన్స్ మొదలుపెట్టిన క్రీమ్ చీజ్‌ను ఇప్పుడు ప్రపంచమంతా బ్రెడ్ మీద రాసుకుంటోంది. అమెరికా ప్రమాణం ప్రకారం అందులో కొవ్వు కనీసం 33 శాతం. అదే 30 గ్రాములు రాస్తే 10 గ్రాముల కొవ్వు. ఇంట్లో విరగ్గొట్టిన పాల ముద్ద దానికన్నా చాలా తేలిక. ఉప్పు విషయానికొస్తే, రోజుకు 5 గ్రాముల లోపే తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన టోస్టులో బ్రెడ్‌ది, పనీర్‌ది కలిపి అర గ్రాము, అంటే పదో వంతు. కారం పొడిలో ఉప్పు ఉంటే పైన చల్లే చిటికెడు మానేయొచ్చు. పాలలో ఇనుము నామమాత్రమే. రక్తహీనత ఉన్న పిల్లలకు ఆకుకూర, పప్పు తప్పవు, టోస్టు వాటి బదులు కాదు.

దాచుకోవడంలో మాత్రం మొహమాటం పనికిరాదు. పచ్చి పాలతో ఏదీ చేయొద్దు, బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు పశువు నుంచి మనిషికి పాల ద్వారా కూడా వస్తాయి. మెత్తటి పనీర్‌లో నీరు ఎక్కువ కాబట్టి సూక్ష్మజీవులకూ అది ఇష్టమే. వండినది ఏదైనా గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గంటకే ఫ్రిజ్‌లో పెట్టేయడం మంచిది. మూత బిగించిన గిన్నెలో అయిదు డిగ్రీల లోపు మూడు రోజులు తాజాగా ఉంటుంది. వాసన మారినా, పైన జిగురు తేలినా పారేయండి.

2023-24లో దేశంలో 23.9 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి అయ్యాయి. తలా పంచితే రోజుకు 471 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలు పెద్దవాళ్లకు రోజుకు 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో సూచిస్తున్నాయి. సగటు చూస్తే కొరతే లేదు. కానీ సగటు ఎవరి ఇంట్లోనూ గ్లాసులోకి రాదు. బర్రెను సాకే ఇంట్లోనే పొద్దుటి పాలు, సాయంత్రం పాలు రెండు పూటలా కేంద్రానికి పోసి, టీకి మాత్రం పావు లీటరు ఉంచుకోవడం మనకు కొత్త కాదు. అప్పులున్నాయి, దాణా ఖర్చులున్నాయి, ఆ రైతును తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా పాడి ఉన్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. వారానికి ఒక్క లీటరు, ఒక్క పూట, కేంద్రానికి పోయకుండా ఆపండి. బిల్లులో 45 రూపాయలు తగ్గుతాయి. తొమ్మిది టోస్టులతో నలుగురున్న ఇంట్లో అందరికీ రెండేసి వస్తాయి, ఆ మిగిలిన తొమ్మిదోది పిల్లలకే ఇవ్వండి.